ఏలూరు లాకులంటే తాళాలు కాదా? బెజవాడ కాలువల మీద ఒక చర్చ

కృష్ణలంకోడు | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి.

పుట్టిపెరిగింది కృష్ణలంకలో, కాలేజీ గాంధీనగర్ వైపు. రోజూ సైకిల్ మీద ఏలూరు లాకుల సెంటర్ దాటి వెళ్ళేవాణ్ణి. ఇన్నేళ్ళూ లాకులంటే తాళాలనే అనుకున్నా. ఏలూరు నుంచి వచ్చిన వాళ్ళెవరో అక్కడ తాళాల కొట్లు పెట్టుకుని ఉంటారు, కొట్లు పోయి పేరు మిగిలింది, అంతేగా అనుకున్నా. నవ్వకండి.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే నాయనమ్మ ఒక మాట చెప్పింది. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. చిన్నప్పుడు బందరు వైపు వాళ్ళ ఊరి నుంచి బెజవాడకి పడవలో వచ్చారట. "లాకులో పెట్టి తలుపులేస్తే గోడ మునిగిపోయిందిరా" అంది. పడవ మునగడం విన్నాం గానీ గోడ మునగడమేంటి? మళ్ళీ అడిగితే అదే మాట. పడవ మునగలేదు, గోడే మునిగింది అని.

ఇంతకీ లాకు అంటే ఏంటి? బందరు నుంచి బెజవాడకి పడవలో రావడం నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బందరు_లడ్డు | ఆదివారం, రాత్రి 11:05

తాళాల కొట్లా! తమ్ముడూ, ఈ అర్ధరాత్రి నన్నెంత నవ్వించావో. మా వారు లేచి ఏమైందని అడిగారు.

నిజమేనయ్యా. బందరు కాలువ తవ్వింది నీళ్ళకీ పడవలకీ రెండింటికీ. వివరాలు పెద్దలు చెప్తారు. నేను మాత్రం ఒకటి చెప్తా: ఆ కాలువకి మీరు ఒక చివర, మేం ఇంకో చివర. మీరు అందులో వదిలిందంతా చివరికి మా దగ్గరికే వస్తుంది. దాని గురించి తర్వాత రాస్తా, ఇప్పుడు రాస్తే నిద్ర పట్టదు.

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్ | సోమవారం, ఉదయం 6:20

కృష్ణలంక బాబుకి,

మీ నాయనమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను కాలువల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి దిగిపోయినవాణ్ణి, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

కాలువలో నీళ్ళు పారాలంటే వాలు కావాలి. పడవకి వాలు పనికిరాదు, దానికి కదలని నీళ్ళు, లోతు కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి కాలువని మెట్లు మెట్లుగా చేశారు. ఒక్కో మెట్టు దగ్గర నీళ్ళు దూకడానికి ఒక పక్క కట్టడం, పడవ దిగడానికీ ఎక్కడానికీ ఇంకో పక్క లాకు. లాకంటే ఇటు అటు రాతి గోడలు, ముందొక జత తలుపులు, వెనకొక జత తలుపులు ఉన్న తొట్టి. అంతే.

మీ నాయనమ్మగారు బందరు వైపు నుంచి, అంటే కింది నుంచి పైకి వచ్చారు. కింది తలుపులు తీసి పడవని తొట్టిలోకి లాగుతారు. అప్పుడు చుట్టూ నిలువెత్తు గోడలు, నాచు పట్టి, తడితడిగా. బావిలో ఉన్నట్టుంటుంది. కింది తలుపులు మూసి, పై తలుపులకున్న చిన్న తూములు ఎత్తుతారు. నీళ్ళు లోపలికి బుసకొట్టుకుంటూ వస్తాయి. పడవ కుదుపు లేకుండా లేస్తుంది. అందులో కూర్చున్న పిల్లకి తను లేస్తున్నట్టు తెలియదు. ఎదురుగా ఉన్న గోడ ఒక్కో రాయీ నీళ్ళలోకి దిగిపోతున్నట్టే కనిపిస్తుంది. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక మట్టానికి వచ్చాక పై తలుపులు వాటంతటవే వదులవుతాయి, దూలం పట్టుకుని తోస్తే తెరుచుకుంటాయి. అప్పుడు గట్టు మీది చెట్లు, మనుషులు కనిపిస్తారు.

మట్టాలు సమం కాకముందు పదిమంది కలిసి తోసినా ఆ తలుపు రాదు. నీళ్ళ బరువే దానికి గడియ. ఆ లెక్కన తాళమన్న మీ మాట కూడా మరీ తప్పేం కాదు.

కృష్ణలంకోడు | సోమవారం, ఉదయం 8:15

బాబాయ్‌గారూ, ఇది చదివి నాయనమ్మకి ఫోన్ చేశాను. "మరి నేను చెప్పిందీ అదేగా" అని పెట్టేసింది.

రాళ్ళూరప్పలూ | సోమవారం, ఉదయం 9:50

మంచి చర్చ. నా వంతుగా వెనకటి సంగతి కొంచెం.

1832-33లో నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమలో వచ్చిన కరువు తెలిసిందే, డొక్కల కరువన్నారు. ఐదు లక్షల జనాభాలో దాదాపు మూడోవంతు పోయారని లెక్కలు. పక్కనే కృష్ణ పారుతుండగా జనం నీళ్ళు లేక చచ్చారు. కంపెనీ వాళ్ళకి జాలి కలిగిందో లేదో గానీ శిస్తు మాత్రం పడిపోయింది. ఆనకట్టల ఆలోచన గట్టిపడింది ఆ తర్వాతే. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి అయింది. కృష్ణ మీద పని 1852లో మొదలై 1855కి పూర్తయింది. ఇంద్రకీలాద్రికీ అవతలి సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకవుతుంది, పక్కనే కావలసినంత రాయి. ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇక్కడో చిన్న సవరణ. బెజవాడ ఆనకట్టని కాటన్ దొర కట్టాడని అందరం అనేస్తాం. పథకం ఆయనదే, వాదించి ఒప్పించిందీ ఆయనే. ఎండలో నిలబడి కట్టించింది మాత్రం కెప్టెన్ చార్లెస్ ఓర్. ఆ పేరు మన ఊళ్ళో వందమందిలో ఒకరికైనా తెలుసా?

కాటన్‌కి ఈ కాలువలు పొలాల కోసం మాత్రమే కాదు. సరుకు మోయడానికి రైలు కంటే నీటిదారే చవక అని జీవితాంతం పోట్లాడాడు. అందుకే డెల్టాలో పెద్ద కాలువలన్నీ పడవలు తిరిగేట్టు తవ్వారు. లాకులు తర్వాత అతికించినవి కావు, మొదటి నుంచీ ఆ నమూనాలో ఉన్నవే.

డల్లాస్_బాబు | సోమవారం, ఉదయం 10:30

సూపర్ థ్రెడ్ అండి. ఊళ్ళో మూడు కాలువలు ఉండీ మనం వాడుకోవట్లేదు. నేను ఈమధ్య వెనిస్ వెళ్ళొచ్చాను, అక్కడ కాలువల మీదే ఊరంతా బతుకుతోంది. మనవాళ్ళు తలుచుకుంటే బెజవాడ అంతకంటే బాగుంటుంది. ఒక బోటింగ్, రెండు వైపులా కేఫ్‌లు, లైటింగ్...

సింగ్‌నగర్_రాజు | సోమవారం, ఉదయం 10:41

2024 సెప్టెంబరులో మా వీధిలో కూడా బోటింగ్ జరిగిందండి. ఫ్రీగా. మొదటి అంతస్తు కిటికీలోంచి ఎక్కాం.

డల్లాస్_బాబు | సోమవారం, ఉదయం 10:58

అన్నా, సారీ. అలా ఉద్దేశం కాదు.

తెనాలమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:12

బెజవాడవాళ్ళకి తమ మూడు కాలువలే గొప్ప. మా తెనాలి ఊరి మధ్యలో మూడు కాలువలు పక్కపక్కనే పోతాయి, అందుకే మాది ఆంధ్రా ప్యారిస్ :) అవి మీ ప్రకాశం బ్యారేజీకి ఇవతలి గట్టు నుంచి, సీతానగరం దగ్గర మొదలై దుగ్గిరాల మీదుగా వచ్చేవి. అదే వైపు నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. అంటే అప్పట్లో మా ఊళ్ళో పడవెక్కి మద్రాసులో దిగేవాళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్న ఒక భోషాణం అలా మద్రాసు నుంచి పడవలో వచ్చిందేనట. ఇప్పుడది ఎవరి వాటాకి రావాలని ముగ్గురు మావయ్యలు మాట్లాడుకోవట్లేదు, అది వేరే కథ.

మైలాపూర్_తెలుగు | సోమవారం, సాయంత్రం 6:40

బకింగ్‌హాం పేరు వినగానే వచ్చేశాను. ఇక్కడ దాన్ని బి కెనాల్ అంటారు. 1806లో బేసిల్ కొక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా సొంతంగా తవ్వించుకున్న ఉప్పునీటి కాలువ అది. 1837లో ప్రభుత్వం తీసుకుంది. మెల్లమెల్లగా ఉత్తరానికి పొడిగించారు. 1877-78 కరువులో కూలీలకు పని కల్పించడానికి ఊళ్ళో అడయారుకీ కూవంకీ మధ్య ముక్క తవ్వి కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ కాబట్టి ఆయన పేరు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు, అందులో 257 మన ఆంధ్రలోనే. సరుగుడు కట్టెలు, ఉప్పు, ఆల్చిప్పలు, బియ్యం దాని మీదే మద్రాసుకి వచ్చేవి. మద్రాసు పొయ్యిల్లో మండింది చాలావరకు నెల్లూరు వైపు కట్టెలే.

1965-66 తుఫాన్లు, మళ్ళీ 1976 తుఫాను దాన్ని దెబ్బతీశాయి. ఆ తర్వాత ఊళ్ళో మిగిలిన దాంట్లో లోకల్ రైలుకి స్తంభాలు నాటారు. మైలాపూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి కిందికి చూస్తే కాలువ కనిపిస్తుంది, అంటే కాలువగా ఉండాల్సింది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. 2004 సునామీ వచ్చినప్పుడు తీరం వెంట చాలాచోట్ల ఆ అలని మింగింది ఈ కాలువే. అందరూ వదిలేసిన కాలువ.

ఏలూరు_మాష్టారు | సోమవారం, రాత్రి 8:05

మా ఊరి పేరు మీద ఇంత చర్చ జరుగుతుంటే ఊరుకోవడం మర్యాద కాదు.

బెజవాడ నుంచి వచ్చే ఏలూరు కాలువ మా ఊరికొచ్చి ఆగదు. అటు గోదావరి ఆనకట్ట నుంచి ఇంకొక కాలువ వస్తుంది, దాని పేరూ ఏలూరు కాలువే. రెండూ మా దగ్గర కలుస్తాయి. ఈ మధ్య పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపి నదుల అనుసంధానం అని పండగ చేశారు, మంచిదే, నేనూ వెళ్ళి నెత్తిన చల్లుకున్నాను. కానీ కృష్ణ, గోదావరి పడవ తెడ్డు కింద కలుసుకుని నూటయాభై ఏళ్ళయింది. కాకినాడలో బయలుదేరిన పడవ ధవళేశ్వరం, ఏలూరు, బెజవాడ మీదుగా, నది దాటి, కొమ్మమూరు కాలువ పట్టుకుని, మద్రాసు దాటి పోయేది. మధ్యలో సముద్రం ముఖం చూడకుండా!

రాళ్ళూరప్పలూ | సోమవారం, రాత్రి 8:31

మాష్టారూ, ఆ దారికే 2008లో నాలుగో జాతీయ జలమార్గం అని పేరు పెట్టారు, కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా. 2017లో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా మొదటి దశకి శంకుస్థాపన కూడా అయింది. అదీ నదిలో, కాలువలో కాదు. కాలువల్లో ఇప్పుడు పడవ తిప్పాలంటే ముందు వంతెనలన్నీ ఎత్తాలి.

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్ | మంగళవారం, ఉదయం 5:55

వంతెనల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. పడవల్ని రైలు చంపింది అంటారు. కొంత నిజం. నిజాం రైలు 1889కే బెజవాడ వచ్చింది, 1893కి కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. అయినా ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళు పడవలు తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే రైలు స్టేషన్ దగ్గర దింపుతుంది, పడవ రైసుమిల్లు గుమ్మంలో దింపుతుంది. డెల్టాలో పాత మిల్లులు, గోదాములు చూడండి, చాలావాటికి ముఖం కాలువ వైపు ఉంటుంది. రోడ్డు వైపు ఉండేది వీపు.

అసలు దెబ్బ కొట్టింది లారీ. లారీ కోసం రోడ్డు, రోడ్డు కోసం కాలువ మీద కొత్త వంతెన. పాత వంతెనలు పడవ పట్టేంత ఎత్తులో, మధ్యలో వంపు తిరిగి ఉండేవి. కొత్తవి రోడ్డుతో సమంగా చదునుగా వేశారు. ఒక్క వంతెన అలా పడితే చాలు, దానికి పైనా కిందా ఉన్న లాకులన్నీ దండగ. తర్వాత తలుపులు పుచ్చిపోతే ఎవరు బాగుచేస్తారు? నేను ఉద్యోగంలో చేరేటప్పటికి కొన్ని లాకుల్లో తలుపుల చోట గోడ కట్టేసి ఉంది.

ఇంకోటి. ఎండాకాలం కాలువలు కట్టేస్తాం కదా, అంటే నీళ్ళు ఆపేస్తాం, మరమ్మతులకని. ఆ నెలలు పడవలు నడవవు. సంవత్సరమంతా నడవని దారిని వ్యాపారి ఎంతకాలం నమ్ముకుంటాడు? కాటన్ దొరగారి లెక్కలో నాకు అర్థంకానిది అదొక్కటే. సాగుకి కాలువ కట్టేయాలి, పడవకి వదిలిపెట్టాలి. రెండు పెళ్ళాల సంసారం.

బందరు_లడ్డు | మంగళవారం, ఉదయం 7:30

ఆ పోలిక లేకుండా కూడా అర్థమయ్యేది బాబాయ్‌గారూ :)

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్ | మంగళవారం, ఉదయం 7:52

తప్పేనమ్మా.

గట్టుమీద_గణపతి | మంగళవారం, ఉదయం 11:20

బెజవాడ మ్యాపు తీసి ఒకసారి చూడండి. దుర్గగుడి కొండ కింద, బ్యారేజీ పక్కన హెడ్ రెగ్యులేటర్, అంటే కాలువల్లోకి నీళ్ళు వదిలే తలుపులు. అక్కడి నుంచి కాలువలు చేతివేళ్ళు విప్పినట్టు విడిపోతాయి. కుడిపక్కది బందరు కాలువ, ఎడమవైపు పోయేవి ఏలూరు కాలువ, రైవస్ కాలువ. ఇప్పుడు రోడ్లు చూడండి. బందరు కాలువ వైపు బందరు రోడ్డు, ఏలూరు కాలువ వైపు ఏలూరు రోడ్డు. గవర్నర్‌పేట, సూర్యారావుపేట ఆ రెంటి మధ్యా ముక్కోణంలో ఇరుక్కున్నాయి. మన ఊళ్ళో చాలా వీధులు ఎందుకు వంకరగా కలుస్తాయో నాకు అప్పుడు అర్థమైంది. ఊరిని ఎవరూ గీయలేదు, కాలువలే గీశాయి.

కృష్ణలంక తమ్ముడూ, మీ పేటకి అటు నది, ఇటు బందరు కాలువ. పేరులోనే లంక ఉంది.

గుణదల దగ్గర పడవల రేవు అని స్టాప్ ఉంది. రోజుకి వేలమంది ఆటోవాడికి ఆ పేరు చెప్పి దిగుతారు. పడవా లేదు, రేవూ లేదు. మీ లాకుల్లాగే.

కృష్ణలంకోడు | మంగళవారం, మధ్యాహ్నం 12:10

అన్నా, పడవల రేవు పక్కన మా అత్తయ్య వాళ్ళిల్లు. పదేళ్ళుగా వెళ్తున్నా. ఒక్కసారి కూడా ఆ పేరు విడదీసి చదవలేదు. సిగ్గేస్తోంది.

సింగ్‌నగర్_రాజు | మంగళవారం, రాత్రి 9:15

అందరూ కాలువల గురించి ముద్దుగా రాస్తున్నారు కాబట్టి ఒక ప్రశ్న. 2024లో మేం మునిగింది ఈ కాలువల వల్లేనని మా వీధిలో సగం మంది అంటారు. కాదు, బుడమేరు అంటారు మిగతా సగం. ఎవరైనా కోపం లేకుండా చెప్పగలరా?

బెజవాడ_బుల్లెట్ | మంగళవారం, రాత్రి 9:22

ఎవరి వల్లో అందరికీ తెలుసు. అప్పటి ప్రభుత్వం ఆ గట్లు చూసుంటే

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 9:30

పార్టీల గొడవకి వేరే విభాగం ఉంది. పై పోస్టు సగంలో ఆపేశాను, దీనికి జవాబుగా వచ్చిన పద్నాలుగు తీసేశాను. కాలువల గురించి రాయండి.

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్ | బుధవారం, ఉదయం 6:10

రాజుగారికి, కోపం లేకుండానే చెప్తాను.

బుడమేరు ఎవరూ తవ్వింది కాదు, వాగు. పైన కొండల్లో పుట్టి, ఊరి ఉత్తరం పక్క నుంచి వచ్చి కొల్లేరులో కలవాలి. ఎప్పటి నుంచో దాని దారి అది. కాలువలు తర్వాత వచ్చాయి, దాని దారికి అడ్డంగా వచ్చాయి. అందుకే ఎనికేపాడు దగ్గర బుడమేరుని కాలువ కింద నుంచి సొరంగంలో పంపుతారు, మేం యూటీ అంటాం, అండర్ టన్నెల్ అన్నమాట. పైన సాగునీరు, కింద వాగు. ఆ సొరంగం నోరు ఎంతో అంతే నీళ్ళు పోతాయి.

పెద్ద వరద వస్తే ఊరిమీదికి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, మళ్ళింపు కాలువతో బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తారీకుల్లో ఆ మళ్ళింపు కాలువకే గండ్లు పడ్డాయి. అదే రోజుల్లో కృష్ణ కూడా నిండుగా ఉంది, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 1903లో 10.6 లక్షలు, 2009లో 11.1 లక్షలు వచ్చాయి. ఇది వాటిని దాటింది. నది నిండుగా ఉన్నప్పుడు వాగుని అందులోకి తోయలేం.

కాబట్టి తప్పు కాలువల్లో పారే నీళ్ళది కాదు, మిమ్మల్ని ముంచింది వాగు నీళ్ళే. కాకపోతే గట్టు గట్టే. ఒకవైపు నుంచి చూస్తే రక్షణ, ఇంకోవైపు నుంచి చూస్తే ఆనకట్ట. వాగు దారిలో ఇళ్ళు లేనప్పుడు ఆ నీళ్ళు పొలాల్లో రెండ్రోజులు నిలిచి పోయేవి.

సింగ్‌నగర్_రాజు | బుధవారం, ఉదయం 8:44

థాంక్స్ బాబాయ్‌గారూ. వాగు దారిలో ఇల్లు కొన్నామని మాకు ఎవరూ చెప్పలేదు. అమ్మినాయన గజం రేటే చెప్పాడు. బీరువా అడుగు అర ఇప్పటికీ బురద వాసన వస్తుంది. పెళ్ళి ఆల్బం అందులోనే ఉండేది.

తెనాలమ్మాయి | బుధవారం, ఉదయం 9:02

అయ్యో అన్నా...

రాళ్ళూరప్పలూ | బుధవారం, ఉదయం 10:15

వరదల మాట వచ్చింది కాబట్టి బందరు గురించి ఒకటి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానుకి సముద్రం ఊరిమీదికి వచ్చి ముప్ఫైవేల మంది దాకా పోయారు. ఆ దెబ్బ నుంచి బందరు రేవు మళ్ళీ పాత స్థితికి రాలేదు. అంతకుముందు బెజవాడ అంటే నది దాటే చోటు, కొండ మీద అమ్మవారు, ఇంతే. బందరేమో జిల్లాకి రాజధాని, ఓడరేవు. కాలువ తవ్వింది బెజవాడ సరుకుని బందరు ఓడలకి చేర్చడానికి. చివరికి జరిగింది తలకిందులు. కాలువలూ రైళ్ళూ కలిసే చోటు బెజవాడ అయింది, సరుకంతా ఇటే రావడం మొదలైంది. 1921లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది, పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిందీ అప్పుడే. దేశం నలుమూలల నుంచి మనుషులు దిగగలిగే ఊరు కాకపోతే ఆ సమావేశం ఇక్కడికి వచ్చేదా?

బందరు_లడ్డు | బుధవారం, మధ్యాహ్నం 3:20

సరే, ఇప్పుడు నా వంతు. మొదటిరోజు దాచుకున్నది.

మా వైపు ఊళ్ళలో తాగునీటి చెరువులు నింపేది కాలువతోనే. ఎండాకాలం కాలువ కట్టేసే ముందు చెరువు నింపుకుంటారు, మళ్ళీ కాలువ వదిలేదాకా అవే నీళ్ళు. మా పుట్టింట్లో బిందెలో ఇండుపగింజ అరగదీసి తేర్చుకుని తాగేవాళ్ళం. ఇప్పుడు ఫిల్టరు ప్లాంట్లు వచ్చాయి, సరే. కానీ ఆ నీళ్ళు వచ్చేది మీ ఊరి మధ్య నుంచే. మీ వంతెనల మీద నిలబడి చూడండి. వినాయకుడి పూలు, కొబ్బరి చిప్పలు, చికెన్ కొట్టు సంచులు, పాత పరుపులు. వంతెనలకి ఎత్తుగా ఇనప వల కడతారు, ఎందుకు? మనుషులు దూకుతారని కాదు, చెత్త వేస్తారని. వల పైనుంచి విసిరేవాళ్ళని నేనే చూశా, బంతి వేసినంత నేర్పుగా.

ఒకసారి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ దేవుడి పటాలు కాలువలో వేసి దణ్ణం పెట్టుకుంది. "అమ్మా, మేం తాగుతాం ఆ నీళ్ళు" అన్నాను. "పారే నీళ్ళకి దోషం లేదమ్మా" అంది. పారే నీళ్ళు ఎక్కడికి పారతాయో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు.

గట్టుమీద_గణపతి | బుధవారం, సాయంత్రం 5:00

అక్కా, నేను పుట్టింది కాలువ గట్టు మీద రేకుల ఇంట్లో. మాకు డ్రైనేజీ లేదు. ఇంటి వెనక్కి నీళ్ళు వదిలితే అవి కాలువలోకే పోయేవి, వేరే దారి లేదు. ప్రతి కొత్త పథకానికీ మమ్మల్ని లేపేస్తామనేవాళ్ళు. కాలువ పాడవడానికి గట్టు మీదివాళ్ళే కారణమని పేపర్లో చదివినప్పుడల్లా నవ్వొచ్చేది. మా యాభై ఇళ్ళ నీళ్ళెంత, వెనక అపార్టుమెంట్ల నుంచి పైపు పెట్టి వదిలే నీళ్ళెంత? ఆ పైపులు రోడ్డు మీంచి కనపడవు. గట్టు మీద బతికేవాడికే కనిపిస్తాయి.

మంచి జ్ఞాపకం కూడా ఒకటి చెప్తా. కాలువ కట్టేసిన వారానికి నీళ్ళు గుంటల్లో మిగిలేవి. అడుగు మట్టి నల్లగా, జారుడుగా, మోకాలి దాకా దిగిపోయేది. మేం పిల్లలం గుర్రపుడెక్క పక్కకి లాగి చేతులతో చేపలు పట్టేవాళ్ళం. ఎక్కువ దొరికేవి కొర్రమీనులు, జెల్లలు. చిల్లర డబ్బులు కూడా. వంతెన మీంచి దణ్ణం పెట్టి వేసిన రూపాయిలు. మా అమ్మ వాటిని మూడుసార్లు కడిగి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు.

బందరు_లడ్డు | బుధవారం, సాయంత్రం 5:25

గణపతీ, నిన్ను అనలేదురా. పైపుల సంగతి నిజంగా నాకు తెలియదు.

డల్లాస్_బాబు | బుధవారం, రాత్రి 9:40

వెనిస్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఈ థ్రెడ్ మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన అడిగింది ఒకటే: పడవని గట్టు మీంచి తాడుతో లాగేవాళ్ళు కదా, దాని గురించి ఎవరూ రాయలేదేంటి అని.

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్ | గురువారం, ఉదయం 6:05

మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి. గాలి ఉంటే తెరచాప, లోతు తక్కువైతే గెడ, రెండూ కుదరకపోతే తాడు. పడవ మీద కొయ్యకి తాడు కట్టి ఇద్దరు ముగ్గురు గట్టు మీద నడుస్తూ లాగేవారు. తాడు చివర చెక్క ఉండేది, దాన్ని ఛాతీకి అడ్డంగా పెట్టుకుని ముందుకు ఒరిగి నడవాలి. అందుకే గట్టు మీద నీటి పక్కన చెట్లు పెరగనిచ్చేవారు కాదు, తాడుకి తగులుతాయని. నేను చేరిన కొత్తలో మా దగ్గర ఒక ముసలి లస్కరు, అంటే కాలువ కాపలా చూసే మనిషి, ఉండేవాడు, కుర్రతనంలో పడవలు లాగినవాడే. ఆయన రెండు భుజాలూ ఒక్క ఎత్తులో ఉండేవి కావు.

పాత లాకులు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటి రాతి అంచుల మీద ఆ తాళ్ళ ఒరిపిడికి పడిన గాట్లు కనిపిస్తాయి. నీళ్ళున్నప్పుడు గోడ కింది భాగం తెలియదు. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు వెళ్ళండి.

కృష్ణలంకోడు | మూడు నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:50

పాత చర్చని పైకి తెస్తున్నందుకు క్షమించండి. కాలువ కట్టేశారని గణపతి అన్న మెసేజ్ పెడితే నిన్న బస్సెక్కి వచ్చాను. బందరు కాలువ మీద ఊరు దాటాక ఒక పాత లాకు ఉంది, ఇద్దరం బండి మీద వెళ్ళాం.

తలుపులు లేవు. తలుపులు తిరిగే చోట గోడలో గుండ్రంగా తొలిచిన గాడి ఉంది. తొట్టి అడుగున బురద ఎండి పెంకులు లేచింది. ఒక చెప్పు, మందు సీసాలు, ఒక విరిగిన బొమ్మ వినాయకుడు. గోడ నా తలకి ఇంకో మనిషి ఎత్తు. కింద నిలబడి పైకి చూస్తే ఆకాశం ఒక చీలిక. ఏడేళ్ళ పిల్లకి ఇంకెంత కనిపించి ఉంటుందో.

గాట్లు ఉన్నాయి బాబాయ్‌గారూ. పైవరస రాయి అంచున ఐదు. ఒకదాంట్లో నా చూపుడువేలు సగం దాకా దిగింది. లోపల నున్నగా ఉంది, రోలు లోపల ఉన్నట్టు. పక్కన రాయంతా గరుకే.

అక్కడి నుంచే నాయనమ్మకి వీడియో కాల్ చేశా. ఫోన్ గోడవైపు తిప్పి, కింది నుంచి పైకి మెల్లగా చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎండిపోయిందేంట్రా" అంది. కట్టేశారు, జూన్‌లో వదుల్తారు అన్నాను. "వదిలాక చూపించు, ఇప్పుడేముంది గోడ" అంది.

బందరు_లడ్డు | ఆదివారం, సాయంత్రం 7:15

ఫోటోలు పెట్టు తమ్ముడూ. ఆ గాట్లవి దగ్గర నుంచి తీసినవి.

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్ | సోమవారం, ఉదయం 5:50

ఐదు కాదు బాబూ, అవతలి గోడ కూడా చూశావా? దిగే పడవల్ని ఆ గట్టు నుంచి పట్టేవాళ్ళు.

కృష్ణలంకోడు | సోమవారం, ఉదయం 6:32

చూడలేదండి. గణపతి అన్న ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.